ఇరుగూ పొరుగూ తిరిగి ఇల్లు చేరే పాట: ‘బాడీ అండ్ సోల్’లో శ్రుతి ఎక్కడ మారుతుంది, ఎలా తిరిగొస్తుంది

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా ఇక్కడ రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకు వీలుగా ఉంటుంది. మీరు చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్నారు, నాలుగేళ్ళుగా కీబోర్డ్ మీద కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) సాధన చేస్తున్నారు. ఈమధ్య కోల్‌మన్ హాకిన్స్ 1939లో సాక్సఫోన్ మీద వాయించిన ‘బాడీ అండ్ సోల్’ విన్నారు. మీ అనుమానాలు రెండు. అందరికీ తెలిసిన పాట అంటారు గానీ అసలు వరసే అందులో దొరకడం లేదు, మరి దాన్ని ఆ పాట అని ఎలా అంటారు? రెండోది, మధ్యలో ఒకచోట శ్రుతి జారిపోయి, కాసేపటికి మళ్ళీ సర్దుకున్నట్టు వినిపిస్తోంది. తప్పు పాత రికార్డుదా, మీ చెవిదా?

మీ చెవి చక్కగా పనిచేస్తోందండీ. శ్రుతి నిజంగానే మారుతుంది, అదీ రెండుసార్లు. ఆ మార్పు ఎలా జరుగుతుందో పట్టుకుంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. నేను ముప్పై ఏళ్ళుగా పియానో వాయిస్తున్నాను, ఎక్కువగా గాయకుల వెనక కూర్చుని. ఈ పాట ఎన్నిసార్లు వాయించానో లెక్కపెట్టలేదు. ఇవాళ్టికీ మొదలుపెట్టే ముందు కాస్త టెన్షన్ ఉంటుంది. అంత ఇష్టమైన పాట కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి. వీలైతే కీబోర్డ్ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు కథ. 1930లో ఈ పాట కట్టేనాటికి జానీ గ్రీన్‌కు ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. న్యూయార్క్ కుర్రాడు, హార్వర్డ్‌లో ఎకనామిక్స్ చదివాడు, కొన్నాళ్ళు వాల్ స్ట్రీట్‌లో ఉద్యోగం కూడా చేశాడు. అది వదిలేసి పియానో దగ్గరికి వచ్చాడు. గెర్‌ట్రూడ్ లారెన్స్ అనే ఇంగ్లిష్ రంగస్థల తారకు పక్కవాద్యంగా పియానో వాయించేవాడు. ఆమె కోసం కట్టిన పాటల్లో ఇదొకటి. సాహిత్యం మీద ముగ్గురి పేర్లున్నాయి: ఎడ్వర్డ్ హేమన్, రాబర్ట్ సవర్, ఫ్రాంక్ ఐటన్. తన వైపు తిరిగి చూడని మనిషికి ఒళ్ళూ మనసూ అప్పగించేసిన ఒకామె మొర అది.

లారెన్స్ ఈ పాటను లండన్ తీసుకెళ్ళింది. అమెరికా పాటే అయినా ముందు పేరొచ్చింది అక్కడే. ఆ ఏడు అక్టోబర్‌లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే మీద ‘త్రీస్ ఎ క్రౌడ్’ అనే రెవ్యూ (పాటలూ చిన్న నాటికలూ కలిపిన ప్రదర్శన) మొదలైంది. అందులో లిబ్బీ హోల్మన్ పాడాక న్యూయార్క్‌లో కూడా అందరి నోటా పడింది. అదే నెలలో అటు లాస్ ఏంజెలెస్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని రికార్డు చేశాడు. అంటే నాటకం పాటగా పుట్టిన సంవత్సరంలోనే జాజ్ వాళ్ళ చేతికి వచ్చిందన్నమాట. వాళ్ళు దీన్ని ఎందుకు వదిలిపెట్టలేదంటే, అప్పటి మామూలు సినిమా పాటల్లో, నాటకం పాటల్లో ఇన్ని మలుపులున్న కార్డ్స్ అరుదు. తొంభై ఏళ్ళు దాటినా వాయించేవాళ్ళకు పని కల్పిస్తూనే ఉంది. గ్రీన్ తర్వాత హాలీవుడ్ వెళ్ళి సినిమా సంగీతానికి ఆస్కార్లు తెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆయన ఈ ఒక్క పాటతోనే గుర్తుంటాడు.

ఇక పాట కట్టుబడి. మొత్తం 32 బార్లు. బార్ అంటే మన తాళావర్తం లాంటి కొలత, ఇక్కడ బార్‌కు నాలుగు దెబ్బలు. మొదటి ఎనిమిది బార్లు ఒక భాగం, దాన్ని రెండోసారి వాయిస్తారు. తర్వాత ఎనిమిది బార్లు వేరే రకంగా ఉంటాయి, దాన్ని బ్రిడ్జ్ అంటారు. చివర మళ్ళీ మొదటి భాగం. పల్లవి, పల్లవి, అనుపల్లవి, పల్లవి అని గుర్తుపెట్టుకుంటే మీకు సులువు. అయితే ఒక తేడా ఉంది. మన కృతిలో అనుపల్లవి పైస్థాయికి వెళ్ళినా తంబూర మారదు, షడ్జం కదలదు. ఇక్కడ బ్రిడ్జ్‌లో షడ్జమే లేచి వేరేచోట కూర్చుంటుంది.

పాట సొంత ఇల్లు, అంటే అసలు శ్రుతి, డి ఫ్లాట్ మేజర్. హార్మోనియం మీద మొదటి నల్ల మెట్టు, మన లెక్కలో ఒకటిన్నర శ్రుతి. స్వరాలు శంకరాభరణానివి. కానీ పాట ఇంట్లో మొదలవదు. మొదటి కార్డ్ ఇ ఫ్లాట్ మైనర్ సెవెన్. డి ఫ్లాట్‌ను స అనుకుంటే ఆ కార్డ్‌లో ఉండేవి రి, మ, ద, స. షడ్జం ఉంది గానీ నలుగురిలో ఒకటిగా ఉంది. కింద బాస్‌లో పునాదిగా నిలబడ్డది రిషభం. పాట వరస కూడా మొదటి దెబ్బను ఖాళీగా వదిలేసి, రి గ ల మధ్య ఊగుతూ బయల్దేరుతుంది. సొంత ఇల్లు మూడో బార్‌కు గానీ కనపడదు. ఎవరికోసమో ఎదురుచూసే మనిషి పాట కదా, వినేవాడిని కూడా మొదటి నుంచే ఎదురుచూపులో పెట్టాడు గ్రీన్.

ఆ మొదటి బార్లోనే ఒక విశేషం ఉంది, దాన్ని చేత్తో వాయించి చూడండి. రెండో సగంలో బి ఫ్లాట్ సెవెన్ వస్తుంది. అందులో ద, గ, ప మనవే. నాలుగోది శుద్ధ రిషభం, తెల్ల మెట్టు మీది డి. శంకరాభరణంలో దానికి చోటు లేదు. పైనున్న చతుశ్రుతి రిషభం వైపు అది లాగుతుంది, కార్డ్ తిరిగి ఇ ఫ్లాట్ మైనర్‌కే వస్తుంది. ఒక్క రెండు దెబ్బల పని. చాలామంది దీన్ని పట్టించుకోకుండా దాటేస్తారు. మీరు మాత్రం ఆ డి స్వరాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో పెద్ద పని ఉంది.

రెండో బార్లో ఇ ఫ్లాట్ మైనర్ తర్వాత ఎ ఫ్లాట్ సెవెన్ రావాలి, అది ఇంటికి చేర్చే పంచమం కార్డ్. జాజ్ వాళ్ళు చాలాసార్లు దాని బదులు డి సెవెన్ వేస్తారు. ఎందుకు కుదురుతుందో వేళ్ళతోనే తెలుస్తుంది. ఎ ఫ్లాట్ సెవెన్‌లో అసలు పని చేసే రెండు స్వరాలు సి, జి ఫ్లాట్. డి సెవెన్‌లో ఆ పని చేసేవి కూడా అవే రెండు మెట్లు. ఎడమ చెయ్యి కదలక్కర్లేదు, కింద బాస్ మారితే చాలు, కార్డ్ మారిపోయినట్టు వినిపిస్తుంది. బాస్ ఇ ఫ్లాట్, డి, డి ఫ్లాట్ అని మెత్తగా దిగి ఇంట్లో అడుగుపెడుతుంది. చూశారా, డి మళ్ళీ వచ్చింది.

మూడో బార్లో ఇంటికొచ్చాం, కానీ కూర్చోనివ్వడు. జి ఫ్లాట్ సెవెన్ మీదుగా ఎఫ్ మైనర్‌కు, అక్కణ్ణుంచి ఇ డిమినిష్డ్ అనే కార్డ్‌కు, మళ్ళీ ఇ ఫ్లాట్ మైనర్‌కు. బాస్ ఎఫ్, ఇ, ఇ ఫ్లాట్ అని అరమెట్టు చొప్పున, అంటే ప్రతిసారీ ఆనుకుని ఉన్న పక్క మెట్టుకు, దిగుతుంది. ఈ మెట్ల దారి కుదిరితే చాలు, మిగతా వేళ్ళు సులువుగానే సర్దుకుంటాయి. ఆరో బార్లో సి హాఫ్ డిమినిష్డ్, ఎఫ్ సెవెన్, ఏడులో బి ఫ్లాట్ మైనర్, తర్వాత మామూలు దారిలో ఇంటికి. ఇది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది, దీనిమీద ఎక్కువ సమయం పెట్టను.

ఇప్పుడు బ్రిడ్జ్. మీ చెవికి జారినట్టు అనిపించింది ఇక్కడే.

రెండోసారి మొదటి భాగం అయిపోతుండగా, ఎనిమిదో బార్ చివర్లో ఇ మైనర్, ఎ సెవెన్ పడతాయి. అంతే, ఇల్లు డి మేజర్ అయిపోయింది. ఒకటిన్నర నుంచి రెండు శ్రుతికి. పాట మొదటి బార్లో పరాయిదానిలా తొంగిచూసి వెళ్ళిన ఆ శుద్ధ రిషభమే ఇప్పుడు షడ్జమై పీట మీద కూర్చుంది! నాకు ఇది తట్టిన రోజు వాయించడం ఆపేసి కాసేపు అలాగే ఉండిపోయాను.

కొత్త ఇల్లు ఎంత దగ్గరంటే మెట్ల లెక్కలో ఒక్క అరమెట్టు. స్వరాల లెక్కలో మాత్రం చాలా దూరం. డి ఫ్లాట్ శంకరాభరణంలోని ఏడు స్వరాలూ, డి శంకరాభరణంలోని ఏడు స్వరాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండే రెండు కలుస్తాయి: డి ఫ్లాట్, జి ఫ్లాట్, అంటే పాత ఇంటి స, మ. మిగతా ఐదూ కొత్తవి. కీబోర్డ్ మీద చెయ్యి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. డి ఫ్లాట్‌లో ఉన్నంతసేపు ఐదు నల్ల మెట్లూ మీవే. డి మేజర్‌కు రాగానే వాటిలో మూడు పోతాయి, చెయ్యి తెల్ల మెట్ల మీద పడుతుంది. గోడ ఒక్కటే అయినా ఇల్లు పూర్తిగా వేరు.

మీలాంటి కర్ణాటక చెవికి వెంటనే గ్రహభేదం గుర్తొస్తుంది. చాలామంది విద్యార్థులు నన్ను అదే అడిగారు. ఇది గ్రహభేదం కాదండీ. గ్రహభేదంలో స్వరాల మెట్లు అవే ఉంటాయి, ఆధారం మారుస్తాం, దాంతో వేరే రాగం వినిపిస్తుంది. శంకరాభరణంలో రిషభాన్ని షడ్జం చేస్తే ఖరహరప్రియ వచ్చినట్టు. ఇక్కడ రాగం అదే శంకరాభరణం, తంబూరే అరమెట్టు పైకి వెళ్ళింది. కచేరీ మధ్యలో ఎవరో వచ్చి తంబూర బిరడలు తిప్పేశారు అనుకోండి, దానికి దగ్గర. మనకు అది అపచారంలా వినిపిస్తుంది, ఎందుకంటే మన సంగీతం మొత్తం కదలని ఆ షడ్జం మీదే నిలబడింది. వాళ్ళ సంగీతంలో షడ్జం ప్రయాణం చేస్తుంది, ప్రయాణంలోనే భావం ఉంటుంది. మీరు రికార్డు పాడైందేమో అనుకోవడానికి కారణం ఇదే. పదేళ్ళ వయసు దాకా వయొలిన్ మీద శ్రుతి పెట్టుకున్న నాక్కూడా మొదట అలాగే అనిపించింది.

డి మేజర్‌లో నాలుగు బార్లు ఉంటాం. ఆ తర్వాత గ్రీన్ ఒక చిన్న పని చేస్తాడు. డి మేజర్‌లో ఎఫ్ షార్ప్‌ను (ఇందాకటి జి ఫ్లాట్ మెట్టే) అరమెట్టు దించి డి మైనర్ చేస్తాడు. అంతర గాంధారం సాధారణ గాంధారం అయింది, అంతే. వెలుగులో ఉన్న గది మీదికి మబ్బు వచ్చినట్టు ఉంటుంది. డి మైనర్, దాని వెంట జి సెవెన్ రాగానే ఇల్లు మళ్ళీ మారి సి మేజర్ అవుతుంది. ఇప్పుడు ఒకటి శ్రుతి. ఈ మార్పు చెవికి అంత కుదుపుగా ఉండదు, ఎందుకంటే డి మేజర్, సి మేజర్ ఐదు స్వరాలను పంచుకుంటాయి.

ఒక్క నిమిషం ఆగి మనం ఎక్కడెక్కడ తిరిగామో చూడండి. సొంత ఇల్లు ఒకటిన్నర. ముందు వెళ్ళింది రెండు శ్రుతికి, తర్వాత వచ్చింది ఒకటి శ్రుతికి. ఒకటి పైనున్న పక్కిల్లు, ఇంకొకటి కిందున్న పక్కిల్లు. ఇరుగింటికీ వెళ్ళాం, పొరుగింటికీ వెళ్ళాం, మధ్యలో ఉన్న మన ఇంటి తలుపు మాత్రం తట్టలేదు. ఎనిమిది బార్ల పాటు ఇల్లు ఎక్కడుందో రెండు వైపుల నుంచీ వేలు పెట్టి చూపించినట్టే ఉంది. నాకు తెలిసిన బ్యాలడ్లలో (నెమ్మదిగా నడిచే ప్రేమపాటల్లో) ఇంత పొందికగా దారి తప్పించి, దారి చూపించే బ్రిడ్జ్ ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

సి మేజర్ నుంచి తిరిగి ఇంటికి రావడం మళ్ళీ కష్టమే, సి మేజర్‌కూ డి ఫ్లాట్‌కూ కలిసే స్వరాలు రెండే. ఇక్కడ గ్రీన్ వేసిన దారి చాలా సాదాగా ఉంటుంది. బ్రిడ్జ్ చివరి బార్లో సి సెవెన్ రెండు దెబ్బలు, బి సెవెన్ ఒక దెబ్బ, బి ఫ్లాట్ సెవెన్ ఒక దెబ్బ. ఒకే ఆకారంలో ఉన్న కార్డ్, అరమెట్టు, అరమెట్టుగా కిందికి జారుతుంది. జారుడుబండ మీద కూర్చున్నట్టే. చివర చేరిన బి ఫ్లాట్ సెవెన్ ఎవరో గుర్తుపట్టారా? పాట మొదటి బార్లోని ఆ రెండో కార్డే. దాని వెంట ఇ ఫ్లాట్ మైనర్ వస్తుందని మన చెవికి అప్పటికే రెండుసార్లు అలవాటైంది. అలా ఇంటి గుమ్మంలోకి కాకుండా, పాట మొదట ఎక్కడ నిలబడి ఎదురుచూసిందో సరిగ్గా అక్కడికే తెచ్చి దింపుతాడు.

ఈ ఒక్క బార్ నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక హోటల్ లాంజ్‌లో వాయిస్తున్నాను. బాస్ వాయించేది నాకన్నా పాతికేళ్ళు పెద్దవాడైన ఒక గోవా ఆయన. బ్రిడ్జ్‌లో సి మేజర్ దాకా బాగానే వచ్చాను. చివరి బార్లో ఆ మూడు కార్డ్స్ తొందరలో తడబడి, సి సెవెన్ మీదే ఉండిపోయి, అక్కణ్ణుంచి అదే ఇల్లు అనుకుని డి మైనర్‌లో పాట ఎత్తుకున్నాను. ఆయన ఇ ఫ్లాట్‌లో ఉన్నారు, నేను అరమెట్టు కింద. పాడే అమ్మాయి నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. నాలుగు బార్లు ఆ నరకం సాగింది. ఆయన తల తిప్పకుండా ఇ ఫ్లాట్ ఒక్కటే గట్టిగా కొడుతూ ఉన్నారు, దాన్ని పట్టుకుని బయటపడ్డాను. ఆ రాత్రి అందరూ వెళ్ళాక నన్ను కూర్చోబెట్టి, ఆ మూడు కార్డ్స్, వాటి వెంట ఇ ఫ్లాట్ మైనర్, ఇవి మాత్రమే అరగంట వాయింపించారు. వరస లేదు, మరేమీ లేదు. ‘ఇక్కడ దారి తెలిస్తే ఎక్కడ తిరిగినా పరవాలేదు’ అన్నారు. హాకిన్స్ రికార్డు ఎలా వినాలో నాకు ఆ రాత్రి తెలిసింది.

కాబట్టి ఇప్పుడు మీ మొదటి ప్రశ్న.

కోల్‌మన్ హాకిన్స్ 1904లో మిస్సోరీలో పుట్టాడు. 1923 నుంచి పదేళ్ళ పైన ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో వాయించి, టెనర్ సాక్సఫోన్‌కు జాజ్‌లో ఒక గౌరవం తెచ్చాడు. 1934లో యూరప్ వెళ్ళి ఐదేళ్ళు అక్కడే ఉన్నాడు. 1939లో తిరిగొచ్చేసరికి న్యూయార్క్‌లో లెస్టర్ యంగ్ లాంటి కొత్త టెనర్లు వచ్చేశారు, హాకిన్స్ పని అయిపోయిందా అని జనం చూస్తున్నారు. ఆ అక్టోబర్ 11న బ్లూబర్డ్ కంపెనీకి కొన్ని పాటలు రికార్డు చేశాడు, అందులో ఇదొకటి. మూడు నిమిషాల రికార్డు. జీన్ రోజర్స్ పియానో మీద నాలుగు బార్లు ఎత్తుకుంటాడు. అక్కణ్ణుంచి చివరిదాకా హాకిన్సే. 32 బార్ల చుట్టు రెండుసార్లు, అంటే 64 బార్లు.

మొదటి కొద్ది బార్లలో పాట వరస నీడలా కనిపిస్తుంది. జాగ్రత్తగా వింటే రి గ ఊపు కూడా తెలుస్తుంది. ఆ తర్వాత వరసను వదిలేస్తాడు. కానీ ఒక్క కార్డ్‌ను కూడా వదలడు. ప్రతి కార్డ్‌లోని స్వరాలను విడదీసి, కింది నుంచి పైకీ పై నుంచి కిందికీ పేర్చుకుంటూ, ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి వెళ్ళే అరమెట్ల దారులను కూడా వినిపిస్తూ పోతాడు. వెనక పియానో, బాస్ ఆపేసినా పాట ఎక్కడుందో ఆయన సాక్సఫోన్ ఒక్కదాన్నే విని చెప్పొచ్చు. బ్రిడ్జ్‌లోకి వచ్చినప్పుడు ఆయన డి మేజర్‌లో అడుగుపెట్టడం మీకు స్పష్టంగా వినిపించింది, అందుకే శ్రుతి జారిందని అనుమానం వచ్చింది. చివర్లో ఆ మూడు కార్డ్స్ జారుడు కూడా ఆయన స్వరాల్లో ఉంటుంది. రెండో చుట్టులో వెనక మిగతా వాద్యాలు మెత్తగా పొడవాటి స్వరాలు పడతాయి, హాకిన్స్ ధ్వని మెల్లమెల్లగా బరువెక్కుతుంది. ఆఖరి ఎనిమిది బార్లలో పైస్థాయికి వెళ్ళి, తర్వాత ఒంటరిగా కిందికి దిగుతాడు.

మన పద్ధతిలో చెప్పాలంటే, నెరవులో సాహిత్యం, దాని తాళస్థానం అలాగే ఉంచి సంగీతం మారుస్తాం. కల్పనస్వరంలో సాహిత్యం కూడా వదిలేసి రాగాన్నీ తాళాన్నీ ఎత్తుగడనూ పట్టుకుంటాం. రాగం దాటకూడదు, అది మనకు లక్ష్మణరేఖ. జాజ్‌లో ఆ రేఖ కార్డుల వరుస. ఏ బార్లో ఏ కార్డ్ రావాలో ఆ కార్డ్ వచ్చి తీరాలి, దానిమీద ఏం పాడుకుంటావో నీ ఇష్టం. హాకిన్స్ చేసింది అదే. మీరు వరస కోసం వెతికారు కాబట్టి దొరకలేదు. ఇరుగింటికి వెళ్ళడం, పొరుగింటికి వెళ్ళడం, మూడు మెట్లు జారి గుమ్మం దగ్గరికి రావడం, ఇవి వెతకండి. అన్నీ ఉంటాయి, రెండేసి సార్లు. ఎలాంటి వరస పాడకపోయినా ఆ రికార్డు జనంలోకి విపరీతంగా వెళ్ళింది, తర్వాత పుట్టిన ప్రతి టెనర్ వాద్యకారుడూ దాన్ని అక్షరం అక్షరం నేర్చుకున్నాడు. ఎడ్డీ జెఫర్సన్ అనే గాయకుడు ఏకంగా హాకిన్స్ వాయించిన స్వరాలకే మాటలు కట్టి పాడాడు.

హాకిన్స్ శూన్యంలోంచి రాలేదని కూడా చెప్పాలి. 1935 జూలైలో బెన్నీ గుడ్‌మన్, టెడ్డీ విల్సన్, జీన్ క్రుపా ముగ్గురే కూర్చుని ఈ పాట రికార్డు చేశారు. క్లారినెట్, పియానో, డ్రమ్స్, అంతే; బాస్ కూడా లేదు. విల్సన్ నల్లజాతివాడు, మిగతా ఇద్దరూ తెల్లవాళ్ళు. అమెరికాలో ఆ రోజుల్లో ఒకే వేదిక మీద అలా కూర్చోవడం పెద్ద సాహసం. విల్సన్ ఎడమ చెయ్యి ఒక్కటే బాస్ పనంతా ఎలా మోస్తుందో వినండి, పియానో వాయించేవాళ్ళకు అంతకన్నా మంచి పాఠం లేదు. 1938లో చూ బెర్రీ, రాయ్ ఎల్‌డ్రిజ్ చేసిన రికార్డులో ఎల్‌డ్రిజ్ వంతు రాగానే వేగం రెట్టింపవుతుంది, మనవాళ్ళు రెండో కాలం ఎత్తుకున్నట్టు. అప్పటికి ఈ పాట మీద ఇలాంటి ప్రయోగాలు నడుస్తూనే ఉన్నాయి.

గాయకుల్లో బిల్లీ హాలిడే 1940 రికార్డింగ్ తప్పక వినండి. ఆమె కూడా వరసను తనకు కావలసినట్టు కుదించుకుంటుంది, కాకపోతే మాటలుంటాయి కాబట్టి మీరు దారి తప్పరు. సారా వాన్ పద్దెనిమిదేళ్ళ వయసులో 1942లో న్యూయార్క్ అపోలో థియేటర్ పోటీలో ఈ పాటే పాడి గెలిచింది. ఎంత పట్టున్న గొంతైతే ఈ బ్రిడ్జ్‌ను పోటీకి ఎంచుకుంటుందో ఆలోచించండి.

జాన్ కోల్‌ట్రేన్ 1960లో రికార్డు చేసింది మాత్రం ఇప్పుడే వినొద్దని నా సలహా. అది విడుదలైంది 1964లో, ‘కోల్‌ట్రేన్స్ సౌండ్’ ఆల్బమ్‌లో. పాట నడక పెంచి, మొదటి భాగంలో బాస్‌ను పంచమం మీద నిలబెట్టేస్తాడు. తంబూర పంచమం లాగా అది మోగుతూ ఉంటే, పైన కార్డ్స్ కదులుతుంటాయి. బ్రిడ్జ్‌లో ఆ రెండు పక్కిళ్ళు చాలవని, సమాన దూరాల్లో ఉన్న ఇంకొన్ని ఇళ్ళను కూడా కలిపి తిప్పుతాడు. చాలా అందమైన ఆలోచన. కానీ అసలు దారి చేతికి రాకముందు దాన్ని వింటే ఏది గ్రీన్‌దో ఏది కోల్‌ట్రేన్‌దో తెలియక గందరగోళపడతారు. ఆరు నెలలు ఆగండి.

ఈ తరం వాళ్ళకు బాగా తెలిసింది గాయకులు టోనీ బెన్నెట్, ఎమీ వైన్‌హౌస్ కలిసి పాడినది. 2011 మార్చిలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో చేశారు. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు, ఆమెకు ఇరవై ఏడు. ఆ జూలైలో ఆమె చనిపోయింది. మరుసటి ఏడు ఆ పాటకు గ్రామీ వచ్చింది. స్టూడియోలో తీసిన వీడియో కూడా ఉంది, ఆమె కంగారుపడుతుంటే పెద్దాయన ఎంత ఓర్పుగా ధైర్యం చెబుతాడో అందులో చూడొచ్చు. నేను దాన్ని ఎక్కువసార్లు చూడలేకపోయాను.

ఇక మీరు ఎలా మొదలుపెట్టాలి. పుస్తకంలో ఉన్న కార్డ్స్ అన్నీ ఒకేసారి నేర్చుకోకండి. మూడు రోజుల పాటు బ్రిడ్జ్ చివరి బార్ ఒక్కటే వాయించండి. ఎడమ చేత్తో ఒక్కో కార్డ్‌కు రెండే స్వరాలు. సి సెవెన్‌కు కింద బి ఫ్లాట్, పైన ఇ. రెండు వేళ్ళూ అరమెట్టు దించితే ఎ, డి షార్ప్, అది బి సెవెన్. ఇంకో అరమెట్టు దించితే ఎ ఫ్లాట్, డి, అది బి ఫ్లాట్ సెవెన్. తర్వాత కింది వేలు జి ఫ్లాట్‌కు, పై వేలు డి ఫ్లాట్‌కు, అది ఇ ఫ్లాట్ మైనర్. పై వేలు చివర డి నుంచి డి ఫ్లాట్‌కు దిగడాన్ని బాగా వినండి. కాసేపటి కింద నాలుగు బార్లు షడ్జంగా ఏలిన స్వరం అది, ఇప్పుడు అరమెట్టు దిగి అసలు షడ్జానికి చోటిస్తోంది. కుడి చేత్తో ఏమీ వద్దు. బాస్ స్వరాలను గొంతుతో పాడండి: సి, బి, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. గాత్రం నేర్చుకున్నారు కాబట్టి ఇది మీకు వరం, వాడుకోండి.

అది నిద్రలో కూడా వచ్చేలా అయ్యాక, దాని ముందు బార్ కలపండి. తర్వాత దాని ముందుది. ఇలా వెనక నుంచి ముందుకు బ్రిడ్జ్ మొదటిదాకా రండి. మామూలుగా ముందు నుంచి నేర్చుకుంటే మొదటి బార్లు బాగా వచ్చి, చివరి బార్లే ఎప్పుడూ తడబడతాయి, ఈ పాటలో తడబడకూడనివి సరిగ్గా అవే. నడక నిమిషానికి అరవై దెబ్బలకు మించనివ్వకండి. బాస్ స్వరాలు రాని రోజు శ్రుతి పెట్టె ఒకటిన్నరలో పెట్టుకుని బ్రిడ్జ్ వాయించి చూడండి. డి మేజర్ వచ్చినప్పుడు ఒంటికి ఎంత గుచ్చుకుంటుందో, చివర ఇ ఫ్లాట్ మైనర్ పడగానే ఆ గుచ్చుకోవడం ఎలా పోతుందో తెలుస్తుంది. రెండు నిమిషాలు చాలు, తర్వాత కట్టేయండి.

ఆ తర్వాత హాకిన్స్ రికార్డు పెట్టుకుని, ఆయన వాయిస్తుంటే మీరు ఆ రెండేసి స్వరాలు మాత్రం ఎడమ చేత్తో వేస్తూ పోండి. పాత రికార్డు కాబట్టి ఒకవేళ శ్రుతి కొద్దిగా ఎక్కువ తక్కువ ఉంటే కీబోర్డ్ ట్యూనింగ్ సర్దుకోండి. ఎక్కడైనా మీ చెయ్యీ ఆయన ఊపిరీ విడిపోతే, ఏ బార్లో విడిపోయారో నంబరుతో సహా ఇక్కడ రాయండి. నా అంచనా ప్రకారం అది పద్దెనిమిదో బార్ అయి ఉంటుంది. అక్కడ డి మేజర్ మధ్యలో జి మైనర్ ఒకటి దూరి వస్తుంది, దాని సంగతి అప్పుడు చూద్దాం.